తొమ్మిది గుంతల బేరం

బేరమాడటంలో మా వీధిలో నన్ను మించినవాడు లేడని నేనే చెప్పుకుంటే బాగుండదు గానీ, మా ఆవిడ నలుగురిలో చెప్పేది. నిజానికి మాది జంట బేరం. నేను ధర అడుగుతాను, పెదవి విరుస్తాను, వస్తువుకి వంకలు పెడతాను. సరిగ్గా కొట్టువాడికి విసుగొచ్చే సమయానికి మా ఆవిడ నా చొక్కా పట్టి లాగి, "వద్దులెండి, పదండి" అంటుంది. ఇద్దరం వెనక్కి చూడకుండా నడుస్తాం. ఆ నడక మరీ వేగంగా ఉండకూడదు, పిలవడానికి వాడికి వ్యవధి ఇవ్వాలి. మరీ నెమ్మదిగానూ ఉండకూడదు, ఆశపడుతున్నామని తెలిసిపోతుంది. వాడు పిలిచాడా, తగ్గినట్టే. మా మంచాలు, ఫ్యాన్లు, మా అమ్మ చేతికర్ర, అన్నీ అలా ఇంటికొచ్చినవే. వీధి మలుపు తిరిగాక ఇద్దరం పగలబడి నవ్వుకునేవాళ్ళం.

నేను లిఫ్టులు బాగుచేస్తాను. ఊళ్ళో ఎవరు ఏ రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నా నా ఫోను మోగుతుంది. అందుకేనేమో నాకు కాలు ఒకచోట నిలవదు. అన్నం ముందు కూర్చున్నా ఒక మోకాలు ఊగుతూనే ఉంటుంది. మా ఆవిడ ఆసుపత్రిలో, నేలకింద అంతస్తులో, కిటికీ లేని గదిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా అక్కడ ఆమె చెప్పేవి నాలుగే మాటలు: "గాలి పీల్చండి. బిగపట్టండి. కదలకండి. ఇక వదలండి." ఇంట్లో నేను చిందులు తొక్కుతున్నప్పుడు కూడా అరచెయ్యి ఎత్తి, అదే గొంతుతో "కదలకండి" అంటుంది. నేను కదలకుండా ఉన్న పాపాన పోలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఆసుపత్రివాళ్ళు సిబ్బందినీ, వాళ్ళ కుటుంబాలనీ ఒకరోజు సరదాగా ఊరి చివరికి తీసుకెళ్ళారు. అక్కడ గోల్ఫ్ నేర్పే మైదానం ఒకటుంది. వరసగా పరిచిన పచ్చ చాపలు, ఎదురుగా ఎత్తైన వల. డాక్టర్లు కొట్టారు, నర్సులు కొట్టారు. సగం బంతులు చాప దిగలేదు. ఒకటి వెళ్ళి టీ డ్రమ్ముకి తగిలింది. మా ఆవిడ వంతు వచ్చేసరికి నేను ఫోన్లో ఉన్నాను. "తలుపు మీద తన్నకండి బాబూ, అది గేదె కాదు, వస్తున్నా" అని లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి చెబుతుంటే వెనక చప్పట్లు వినిపించాయి. తిరిగి చూశాను. కర్ర ఆమె భుజం మీదికి వెళ్ళి ఆగి ఉంది, కళ్ళు మాత్రం ఎక్కడో దూరంగా ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"పోయింది" అంది.

"ఏది?"

"బంతి. తిన్నగా పోయింది."

ఇంటికి వస్తున్నంతసేపూ కారు కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చుంది. మా వీధిలోకి తిరిగాక మాత్రం, "గాలి బిగపట్టాను. కొట్టాక వదిలాను. ఇన్నేళ్ళుగా అందరిచేతా వదిలిస్తున్నాను గానీ, నేను వదల్లేదండీ" అంది. నాకేమీ అర్థం కాలేదు. సరే అన్నట్టు తలూపి ఇరుక్కున్నవాళ్ళని విడిపించడానికి వెళ్ళిపోయాను.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు డ్యూటీ దిగగానే ఆ మైదానానికి వెళ్ళేది. నేను గేటు దగ్గర దింపేసి నా పని మీద పోయేవాణ్ణి, మళ్ళీ వచ్చి ఎక్కించుకునేవాణ్ణి. ఆమె కొట్టడం నేనెప్పుడూ చూడలేదు, అరచేతుల్లో బొబ్బలు మాత్రం చూశాను. ఇంట్లో గొడుగుతో సాధన మొదలుపెట్టింది. హాల్లో ఒక బల్బు పోయింది.

"ఒరేయ్, మీ ఆవిడ గొడుగుతో దోమల్ని కొడుతోందా?" అంది మా అమ్మ.

"కాదత్తయ్యా, గోల్ఫు."

"ఎండలో కర్ర పుచ్చుకుని తిరగడమే కదా? దానికి మనమే ఎదురు డబ్బివ్వాలా?" అమ్మ తన చేతికర్ర పైకెత్తి చూపించింది. "ఆ లెక్కన నాకెంత రావాలి?"

ఒకరోజు గేటు దగ్గరికి ఆమెతో పాటు మాస్టారు కూడా వచ్చాడు. ఆటలో ఓనమాలు నేర్పేది ఆయనే. ఈతాకు టోపీ పెట్టుకుంటాడు, ఎండకి ముఖం కమిలిపోయి ఉంటుంది. ఆ మైదానం అమ్ముడుపోయిందట. వానలు పడగానే అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తాయట.

"వాన పడేలోపు ఎక్కడో ఒక క్లబ్బులో చేర్పించండి సార్" అన్నాడు నాతో. "ఇంతవరకూ వచ్చాక ఆపేస్తే చెయ్యి పోతుంది. మళ్ళీ మొదలుపెట్టే వయసూ కాదు, చేతిలో అంత టైమూ లేదు."

కార్లో కూర్చున్నాక ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని, "నాకు క్లబ్బులో చేరాలని ఉంది" అంది. పెళ్ళయ్యాక నన్ను నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. నాకు ఒక్కసారిగా ఒళ్ళంతా ఉత్సాహం వచ్చింది.

"ఓస్, అంతేనా! బేరం నాకొదిలెయ్" అన్నాను.

ఇక ఆదివారం వచ్చిందంటే ఊరి చుట్టూ ప్రదక్షిణాలే. రోడ్లు తవ్వేసి ఉన్నాయి, కారులో ఏసీ పనిచేయదు, నా ఫోను ఊరుకోదు. మొదట వెళ్ళింది ఊళ్ళోకెల్లా పెద్ద క్లబ్బుకి. లోపల ఎంత చల్లగా ఉందంటే నాకు తుమ్ములొచ్చాయి. కౌంటరు దగ్గరి అమ్మాయి ధర చెప్పింది. నేను పెదవి విరిచేలోపే, "ఇది ఇప్పుడు కట్టాల్సింది కాదండీ, మీ వంతు వచ్చినప్పుడు" అంది.

"మా వంతు ఎప్పుడొస్తుందమ్మా?"

"ఇప్పుడు పేరిస్తే పద్నాలుగేళ్ళు పట్టొచ్చు."

"పోనీ, కాస్త చూసి చెప్పమ్మా. రెగ్యులర్‌గా వస్తాం."

ఆ అమ్మాయి నవ్వింది. మా ఆవిడ నా చొక్కా లాగింది. ఇద్దరం దర్జాగా నడిచాం. అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది, దానంతటదే మూసుకుంది. ఎవరూ పిలవలేదు.

"మనం వెళ్ళామని కూడా వాళ్ళకి తెలిసుండదు" అంది మా ఆవిడ. మలుపు తిరిగాక నవ్వుకున్నాం.

రెండోచోట టై కట్టుకున్న ఒకతను మమ్మల్ని గాజు పెట్టెలో పెట్టిన బొమ్మ ఊరి దగ్గరికి తీసుకెళ్ళాడు. బొమ్మ ఇళ్ళు, బొమ్మ చెట్లు, మధ్యలో బొమ్మ మైదానం. అక్కడ ఇల్లు కొంటే క్లబ్బు సభ్యత్వం ఉచితం.

"ఇల్లు ఉంచుకోండి. సభ్యత్వం మాత్రం ఇవ్వండి" అన్నాను.

"అలా విడిగా ఉండదు సార్."

"గుండీలు కావాలంటే చొక్కా కొనమన్నట్టుందే!"

మళ్ళీ చొక్కా లాగుడు, మళ్ళీ నడక. ఈసారి వెనకనుంచి "సార్, సార్!" అని పిలుపు. నేను గర్వంగా మా ఆవిడని మోచేత్తో పొడిచాను. అతను రొప్పుకుంటూ వచ్చి ధర తగ్గిస్తానన్నాడు, ఇంటి మీద. నాకు నవ్వాగలేదు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు, తలెత్తి మబ్బుల్ని చూస్తోంది. ఆ రోజుల్లో అందరూ వాన ఎప్పుడు పడుతుందా అని చూస్తుంటే, ఆమె ఒక్కతే వాన రాకూడదని చూసేది.

ఇంకొక చోట మిలిటరీ వాళ్ళకే ఇస్తామన్నారు. మరో చోట మంగళవారం మిట్టమధ్యాహ్నం మాత్రమే ఆడుకోమన్నారు. మాస్టారి మైదానంలో సగం చాపలు చుట్టేశారు, వల ఒకవైపు దించేశారు. మా ఆవిడకి రాత్రి నిద్ర కరువైంది, పగలు మాటలు తగ్గాయి. ఒకసారి పొరపాటున అమ్మకి మందు రెండుసార్లు ఇవ్వబోయింది. అమ్మ కూడా జోకులు మానేసి, "ఎక్కడో ఒకచోట కుదర్చరా, పిల్ల గింజుకుంటోంది" అంది. నేనూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. ఇంత చిన్న కోరిక తీర్చలేకపోతున్నానే అని నామీద నాకే కోపంగా ఉండేది.

చివరికి మాస్టారే ఒక చోటు చెప్పాడు. గిడ్డంగులన్నీ దాటాక, పాత కంకర క్వారీ పక్కన. పేరున్న క్లబ్బులన్నింటిలో పద్దెనిమిది గుంతలుంటే, ఇక్కడ తొమ్మిదే.

"తొమ్మిదేనా? మా వీధిలో అంతకన్నా ఎక్కువే ఉన్నాయి" అన్నాను దారిలో.

"ఉంటే ఏం లాభం, మీరు వాటిని తప్పించుకుపోతారు. అక్కడ అందులో పడాలి" అంది. చాలా రోజులకి నవ్వింది.

ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు. ముందు కంకర పరిచిన జాగాలో కార్లు పెట్టుకోవాలి. షెడ్డు వరండాలో సెక్రటరీ బకెట్టు నీళ్ళలో రెండు పాదాలూ పెట్టుకుని కూర్చున్నాడు. లావుపాటి మనిషి, లేవకుండానే దండం పెట్టాడు. మా ఆవిడ మాతో కూర్చోలేదు, తిన్నగా మైదానంలోకి వెళ్ళింది. గడ్డి చాలామట్టుకు ఎండిపోయింది. గుంతల చుట్టూ మాత్రం పచ్చగా ఉంది. ఆమె మొదటి గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆ పచ్చదనం మీద అరచెయ్యి ఆనించింది. నేను దూరంనుంచే కళ్ళతో సైగ చేశాను, అంత ఆశ చూపించకు అని. నావైపు చూడలేదు.

"ధర గోడ మీద రాసుందండీ" అన్నాడు సెక్రటరీ.

చూశాను. మా చేతికి అందే ధర. ఇన్ని ఆదివారాల్లో మొదటిసారి గుండె నిమ్మళించింది. కానీ నా నోరు ఊరుకుంటుందా?

"గోడ మీద రాసినవన్నీ నమ్మేస్తామా సార్? అసలు సంగతి చెప్పండి."

"అసలు సంగతి అదే."

"గడ్డి చూడండి ఎలా ఉందో. పైగా ఇంత దూరం. బస్సు దిగి నడవాలి. మేమిద్దరం చేరతాం, కలిపి ఒక మాట చెప్పండి."

"ఇద్దరికి చోటు లేదండీ, ఒక్కరికే. బోరులో నీళ్ళు ఇంతే వస్తాయి. తొక్కేవాళ్ళు ఎక్కువైతే గడ్డి చచ్చిపోతుంది. ఆ ఒక్కటీ పొద్దున ఒకాయన అడిగి వెళ్ళాడు, సాయంత్రం చెప్తానన్నాడు."

ఇంకెవరో అడిగి వెళ్ళారనడం బేరంలో పాత పాట. ఎన్ని కొట్లలో విన్నాను! నాకు హుషారొచ్చింది. మా ఆవిడ అప్పటికి వరండాలోకి వచ్చి నిలబడింది. నేను గొంతు సవరించుకుని నా సైగ ఇచ్చాను. ఆమె నా చొక్కా లాగలేదు. మళ్ళీ గొంతు సవరించుకున్నాను. లాగలేదు. ఇక లాభం లేదని నేనే ఆమె మోచెయ్యి పట్టుకుని, "వద్దులే, పద" అన్నాను.

కంకర మీద మా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. వెనక బకెట్టులో నీళ్ళు కదిలాయి.

"లేస్తున్నాడు చూడు" అన్నాను గుసగుసగా. "వెనక్కి చూడకు. పిలుస్తాడు."

మా కారు దగ్గరికొచ్చేస్తోంది. ఎవరూ పిలవలేదు. నేను నడక కాస్త తగ్గించాను. ఆమె పూర్తిగా ఆగిపోయింది.

"వదలండి" అంది.

"ఏంటి?"

"చెయ్యి. ఇక వదలండి."

ఆసుపత్రి గొంతు అది. కోపం లేదు, బతిమాలడం లేదు. నేను వదిలాను. ఆమె వెనక్కి తిరిగి, వచ్చిన దారినే షెడ్డు వైపు నడిచింది. నేను కార్లో కూర్చున్నాను. సీటు కాలిపోతోంది. ఫోను మోగుతుందేమోనని చూశాను, మోగలేదు.

చాలాసేపటికి వచ్చి పక్కన కూర్చుంది.

"కుదిరింది" అంది.

"ఎంతకి?"

"ఆయన చెప్పినంతకే. వాడుకోని సెలవులకి డబ్బొచ్చింది కదా, అది కట్టాను."

"ఇంకో నాలుగడుగులు వేసుంటే పిలిచేవాడు!"

"పిలవకపోతే?"

"ఎందుకు పిలవడు? ఇన్నేళ్ళ అనుభవం నాది."

"ఫ్యాను ఈ కొట్లో కుదరకపోతే ఇంకో కొట్టు ఉంటుందండీ" అంది, ఎదురుగా రోడ్డు చూస్తూ. "నాకు ఇంకో చోటు లేదు."

మలుపులు చాలా వచ్చాయి. ఎక్కడా నవ్వుకోలేదు.

నేను అలిగాను. దాచుకోవడమెందుకు, శుభ్రంగా మూతి ముడుచుకుని అలిగాను. నా పరువు ఆ కంకరలో కలిసిపోయిందనిపించింది. మాస్టారి దగ్గర పాత కర్రలు కొనుక్కుంది, ఆయన చెప్పిన ధరకే. ఆ వారం, "వస్తారా?" అని అడిగింది. "నాకక్కడేం పని, గుంతలు లెక్కపెట్టనా?" అన్నాను. సంచి భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ అడగలేదు. ఆదివారాలు పొద్దున్నే వెళ్ళేది, ముఖం నల్లబడి, కళ్ళు మెరుస్తూ వచ్చేది. హాయిగా నిద్రపోయేది. ఆమె నిద్రపోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఆదివారాలు ఇంట్లో నేనూ, అమ్మా, మధ్యలో నా మోకాలూ.

"ఆ కాలు ఊపడం ఆపుతావా, కుర్చీ కీళ్ళు ఊడిపోతున్నాయి" అంది అమ్మ ఒకసారి. "నీ బాధంతా బేరం చెడినందుకా, నిన్ను వదిలేసి వెళ్తున్నందుకా?"

"నన్నెవరు వదిలేశారు? అడిగింది, నేనే వెళ్ళలేదు."

"మరింకేం? మళ్ళీ పిలవాలా? బొట్టు పెట్టి పిలవాలా?"

కోపంతో లేచి, అమ్మ గదిలో ఫ్యాను మార్చాలన్న వంకతో బజారుకి పోయాను. మేమెప్పుడూ వెళ్ళే కొట్టే. ధర అడిగాను, పెదవి విరిచాను, రెక్క వంకరగా ఉందన్నాను. సమయానికి గొంతు సవరించుకున్నాను కూడా. చొక్కా లాగేవాళ్ళు లేరు. నా అంతట నేనే "వద్దులే" అనుకుని నడిచాను. కొట్టువాడు పిలిచాడు, తగ్గించాడు. ఎప్పటికన్నా ఎక్కువే తగ్గించాడు. ఫ్యాను పెట్టె చంకన పెట్టుకుని మలుపు తిరిగాను. అలవాటు కొద్దీ పక్కకి చూశాను. గోడ ఉంది. ఇంత లాభం వచ్చి, చెప్పుకోవడానికి మనిషి లేడు. ఆ మలుపులో నిలబడి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాతి వారమే వాన పడింది. ఆదివారం తెల్లవారుజాము నుంచీ జల్లు. అయినా ఆమె వెళ్ళింది. గొడుగు హాల్లో గోడకి ఆనించే ఉంది. అమ్మ నన్ను చూసింది, గొడుగును చూసింది, గోడవైపు తిరిగి పడుకుంది. నేను గొడుగు తీసుకుని బయల్దేరాను. గిడ్డంగులు దాటేసరికి జల్లు ఆగిపోయింది. వెనక్కి తిప్పుదామా అనుకున్నాను, అప్పటికే కంకర జాగా వచ్చేసింది. ఫోను కారులోనే పడేసి దిగాను.

సెక్రటరీకి బకెట్టు అవసరం తీరినట్టుంది, చెప్పులేసుకుని నిలబడి వాన నీళ్ళు చూసుకుంటున్నాడు.

"లోపలికి వెళ్ళండి. చూడటానికి డబ్బులేం లేవు" అన్నాడు.

"అందులో తగ్గింపేమైనా ఉందా?" అన్నాను. పెద్దగా నవ్వాడు.

మైదానమంతా తడిసి పచ్చబడుతోంది. మా ఆవిడ మొదటి గుంత ముగించి రెండోదాని వైపు వెళ్తోంది. సంచి భుజాన ఉంది, వీపు నావైపుంది. ఆ నడక నాకు తెలియనిది. వేగమూ కాదు, నెమ్మదీ కాదు, ఎవరో పిలవాలని నడిచే నడక కాదు. తిరిగి చూస్తుందేమోనని ఆగాను. చూడలేదు. ఇంకా దూరమైంది. కొట్లలో మా వీపులు చూస్తూ నిలబడిన వాళ్ళందరూ గుర్తొచ్చారు. నోటిదాకా పిలుపు వచ్చి, తగ్గాలా వద్దా అని తన్నుకులాడిన వాళ్ళు.

"ఏమోయ్!" అని అరిచాను.

అక్కడ అరవకూడదట. ఇద్దరు ముసలాళ్ళు నావైపు గుర్రుగా చూశారు. ఆమె ఆగి తిరిగింది. నేను పరుగులాంటి నడకతో దగ్గరికి వెళ్ళాను.

"గొడుగు తెచ్చాను."

"వాన ఆగిపోయిందిగా."

"మళ్ళీ పడుతుందేమోనని."

ఆకాశం చూసింది, నన్ను చూసింది. నేను గొడుగును ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"నీతోపాటు నడవనా?" అన్నాను.

"సంచి మోస్తారా?"

"ఎంతిస్తావు?"

"ఏమీ ఇవ్వను."

"సరే" అన్నాను. చెప్పిన ధరకి ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదలు.

సంచి అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. రెండో గుంతకి బంతి కొట్టే చోట ఆమె ఒక కర్ర తీసుకుని నిలబడింది. తడి గడ్డిలో పాదాలు సర్దుకుంది. నా మోకాలు ఊగడం మొదలైంది, సంచిలో కర్రలు టకటకమన్నాయి. ఆమె నావైపు చూడకుండానే ఎడం అరచెయ్యి ఎత్తింది.

"కదలకండి."

కదల్లేదు. కర్ర వెనక్కి వెళ్ళింది, క్షణం ఆగింది, దిగింది. టప్పున చిన్న చప్పుడు, ఎక్కడా ఒరుసుకోని శుభ్రమైన చప్పుడు. ఇన్నాళ్ళూ ఫోన్లు మాట్లాడుతూ నేను వినని చప్పుడు అదే. బంతి తిన్నగా లేచింది.

"ఇక వదలండి" అంది.

అప్పుడు తెలిసింది, నేను గాలి బిగపట్టి ఉన్నానని. అయినా వదల్లేదు. బంతి ఇంకా పైనే ఉంది.